సర్వే నింపితే మేనేజర్ మారతారా?

ప్రశ్న: విశాఖలో ఎంబీఏ హెచ్‌ఆర్ రెండో ఏడాది చదువుతున్నాను. ఉద్యోగుల ఫీడ్‌బ్యాక్ వల్ల మేనేజర్ల తీరు మారుతుందా అన్నది నా ప్రాజెక్ట్. 'ఏటా సర్వే నింపుతాం, మా మేనేజర్ మాత్రం ఎప్పటిలాగే ఉంటాడు' అంటాడు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసే మా అన్నయ్య. అలాంటప్పుడు ఈ రంగంలోకి రావడం తప్పా అని భయంగా ఉంది.

జవాబు: మీ అన్నయ్య చెప్పింది చాలా చోట్ల నిజమే. సర్వేకీ మార్పుకీ మధ్య ఒక మెట్టుంది, కంపెనీలు తరచూ దాన్ని వదిలేస్తాయి. మీకు పని ఉన్నది సరిగ్గా అక్కడే.

ఒక బ్యాంకులో 252 మంది మేనేజర్లను అయిదేళ్లపాటు గమనించి వాకర్, స్మిథర్ అనే పరిశోధకులు 1999లో ఫలితాలు ప్రచురించారు. తమ కింద పనిచేసేవాళ్లు ఏమన్నారో చదివి, టీమ్‌తో కూర్చుని దాని గురించి మాట్లాడిన మేనేజర్లు మిగతావాళ్లకంటే ఎక్కువ మెరుగుపడ్డారు. ఇంకో సంగతి చూడండి. అదే మేనేజర్ మాట్లాడిన ఏడాది కనిపించినంత మార్పు, మాట్లాడని ఏడాది లేదు. మొదట్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లు బాగా మారారన్నది చదివినప్పుడు నాకెంతో సంతోషమేసింది.

బెడిసికొట్టడమూ ఉంది. 1996లో క్లూగర్, డినీసి అంతకుముందు పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఫీడ్‌బ్యాక్‌తో సగటున పనితీరు పెరిగినా మూడో వంతుకు పైగా సందర్భాల్లో తగ్గింది. మాట పనిని వదిలి మనిషి మీదకు మళ్లితే ఇలా జరుగుతుందని వాళ్ల వివరణ. 'మీకు నాయకత్వ లక్షణాలు లేవు' అంటే ఎవరైనా ముడుచుకుపోతారు. 'మా మాట పూర్తికాకుండానే అడ్డుపడతారు' అంటే రేపటి మీటింగ్‌లోనే సరిదిద్దుకోవచ్చు.

నేను హెచ్‌ఆర్‌లో ఉన్నప్పుడు ఒక మేనేజర్‌కు ఆయన టీమ్ ఫీడ్‌బ్యాక్ రిపోర్టు ఇచ్చాను. పేర్లు ఉండవు కదా, ఒక్కో వాక్యం కింద పెన్ను ఆనించి, 'ఈ ఇంగ్లిష్ ఎవరిదో నాకు తెలుసు' అంటూ వెతకసాగారు. కాగితం బోర్లించి, 'ఎవరన్నది వదిలేద్దాం సార్, నిన్న రాత్రి తొమ్మిది దాటాక ఎవరికైనా ఫోన్ చేశారా?' అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. 'ముగ్గురికి చేశాను' అన్నారు. వారం తిరక్కుండా టీమ్‌ను పిలిచి, సర్వర్ ఆగిపోతే తప్ప ఏడు తర్వాత ఫోన్ చేయనని మాటిచ్చారు. ఆ రిపోర్టు ఒక్కటే ఆయన చేతిలో పెట్టి వచ్చేసి ఉంటే, ఎవరు రాశారో వెతకడంతోనే సరిపోయేది.

ఎక్సెల్, గణాంకాలు ఎలాగూ నేర్చుకుంటారు. ఇలా ఎదురుగా కూర్చుని మాట్లాడించడం మాత్రం పట్టుదలగా సాధన చేయండి. హెచ్‌ఆర్ బిజినెస్ పార్ట్‌నర్, అంటే మేనేజర్లకు తోడుగా ఉండి వాళ్ల టీమ్ వ్యవహారాలు చూసే ఉద్యోగంలో రోజూ అక్కరకొచ్చేది అదే.

ప్రాజెక్ట్‌కు వందమందికి గూగుల్ ఫారం పంపి ఊరుకోకండి. మూడు నాలుగు టీమ్‌లు ఎంచుకోండి. ఫీడ్‌బ్యాక్ వచ్చాక మేనేజర్ టీమ్‌తో కూర్చున్నారా, ఏం మాటిచ్చారు, మూడు నెలలకు అది నిలబడిందా అని మేనేజర్నీ టీమ్‌నీ విడివిడిగా అడగండి. పైవాళ్లు తమ ఫలితాలు చూపించే కంపెనీ దొరికితే మరీ మంచిది. హెచ్‌సీఎల్ టెక్నాలజీస్‌ను నడిపిన రోజుల్లో వినీత్ నాయర్ తన 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్‌ను (పైవాళ్లు, తోటివాళ్లు, కింద పనిచేసేవాళ్లు అందరూ ఇచ్చేది) ఉద్యోగులంతా చూసేలా కంపెనీ ఇంట్రానెట్‌లో పెట్టారు. ఆ ఉదాహరణ మీ మొదటి అధ్యాయంలో చేర్చండి. మొదటి ఇంటర్వ్యూ మీ అన్నయ్యదే కానివ్వండి. సర్వే అయ్యాక వాళ్ల మేనేజర్ ఎప్పుడైనా టీమ్‌తో దాని గురించి మాట్లాడారేమో అడగండి.