పాత జిప్సీని రాళ్ల దారికి తయారు చేయాలంటే ముందు ఏం మార్చాలి?

మీ దగ్గర 2004 మోడల్ మారుతి జిప్సీ ఉంది. వాగులు దాటాలి, రాళ్ల గుట్టలు ఎక్కాలి. పెద్ద టైర్లు, నాలుగంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం), టాప్ మీద ఎల్ఈడీ బార్, ఈ మూడింటిలో ముందు ఏది అని అడిగారు. ఏదీ కాదు. రాళ్ల మీద జిప్సీకి తక్కువైంది ఎత్తు కాదు, నెమ్మది.

లెక్క చూడండి. ఇంజిన్ 1298 సీసీ, టార్క్ (తిప్పే బలం) 103 న్యూటన్ మీటర్లు, అదీ 4500 ఆర్‌పీఎం దగ్గర. అంటే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) లాగే బలం అంతంతమాత్రం. ఫస్ట్ గేర్ రేషియో 3.652, ఫోర్ లో (నాలుగు చక్రాలనూ నెమ్మదిగా, బలంగా తిప్పే గేరు) 2.268. డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో చక్రాలను తిప్పే గేర్ల డబ్బా) 3.9 అనుకుని మూడూ గుణిస్తే 32 చిల్లర వస్తుంది, అంటే ఇంజిన్ అన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఒరిజినల్ 205/70 ఆర్15 టైర్ల మీద, 850 ఆర్‌పీఎం ఐడిల్‌లో గంటకు 3.3 కిలోమీటర్లు. వినడానికి మనిషి నడక కన్నా తక్కువే, కానీ మోకాలెత్తు రాయి ముందు అది పరుగే. మీ బండి డిఫరెన్షియల్ ఎంతో తెలియకపోతే ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ తీసి, ఒక్క వెనక చక్రాన్ని జాకీ మీద లేపండి. దాన్ని రెండు చుట్లు తిప్పేలోపు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే మీ రేషియో.

ఆ వేగంతో రాయి దగ్గర ఏం జరుగుతుందంటే, ఎడమ ముందు చక్రం రాయికి ఆనగానే ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగబోతుంది. డ్రైవరు క్లచ్ సగం నొక్కి రేస్ చేస్తాడు. ప్లేటు కాలిన వాసన. బండి ఒక్క ఉదుటున పైకి లేస్తుంది, కుడి ముందు చక్రం గాల్లో గిర్రున తిరుగుతుంది, స్టీరింగ్ మాత్రం చివరిదాకా తిప్పి ఉంటుంది. తిరుగుతున్న చక్రం కిందికొచ్చి రాయిని పట్టుకున్న క్షణాన టక్కుమని ఒక్క శబ్దం. ముందు యాక్సిల్ జాయింట్ పగిలింది. అందరూ పార్టును తిడతారు. దాన్ని విరిచింది ఆ ఉదుటు.

కాబట్టి మొదటి ఖర్చు ట్రాన్స్‌ఫర్ కేసులో (గేర్‌బాక్సు బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంపే డబ్బా) వేసే లో గేర్ల సెట్టు. 4.16 సెట్టుతో పై లెక్క 59 దాటుతుంది. కాస్త పెద్ద టైరు వేసుకున్నా ఐడిల్‌లో గంటకు 2 కిలోమీటర్లే. క్లచ్ తొక్కనక్కర్లేదు, బండి తనంతట తనే రాయి మీదికి పాకుతుంది, దిగేటప్పుడు బ్రేకూ పెద్దగా అక్కర్లేదు. కేసు ఎలాగూ దించుతారు కనుక బేరింగులు, ఆయిల్ సీళ్లు, కౌంటర్ షాఫ్ట్ కూడా అప్పుడే మార్చండి. పాత బేరింగుల మీద కొత్త గేర్లు వేస్తే నెలకే ఊళ పెడతాయి.

ఇక్కడే చాలామంది మరిచిపోయేది ఒకటుంది. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అతికి ఉండదు. చిన్న షాఫ్టుతో విడిగా, మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. గేరింగ్ దాదాపు రెట్టింపయ్యాక కేసు మెలితిరిగి ముందు ఆ రబ్బర్లు చిరుగుతాయి, తర్వాత ఫోర్ లో దానంతటదే జారిపోతుంది. గేరు అరిగిందని మెకానిక్ మళ్లీ కేసు విప్పుతాడు, అక్కడ ఏమీ దొరకదు. గేర్లతో పాటే మౌంట్లు మార్చి, కేసును ఛాసిస్‌కు పట్టి ఉంచే ఒక స్టీలు ఆర్మ్ కట్టించండి.

టైర్ల విషయంలో 235/75 ఆర్15 దగ్గర ఆగండి. దాని ఎత్తు 733 మిల్లీమీటర్లు, ఒరిజినల్‌ది 668. డిఫరెన్షియల్ కిందికి మీకు దక్కేది మూడు సెంటీమీటర్లు చిల్లర, పోయేది గేరింగ్‌లో పదో వంతు. గేర్లు మార్చకుండా టైర్లు మాత్రమే పెంచితే బండి ఇంకా అధ్వానమవుతుందని చెప్పేది ఇందుకే. ఏ టైరైనా రాళ్ల మీద గాలి 16–18 పాయింట్లకు దించండి, జిప్సీ బరువుకు అది చాలు. ఈ పనికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చేయరు. ట్యూబు టైర్లయితే మాత్రం జాగ్రత్త. గాలి తక్కువున్నప్పుడు టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగుతుంది. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపడానికి చిన్న 12 వోల్టుల కంప్రెసర్ ఉండాలి.

లిఫ్ట్ రెండంగుళాలు చాలు. పొడుగు షాకిళ్లు (కమాను చివరను ఛాసిస్‌కు కలిపే పట్టీలు) వేసి ఎత్తు తెచ్చుకుంటే ముందు కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట నిటారుకు రాదు. లేపాక ఛాసిస్‌ను జాకీ మీదెత్తి, చక్రాలు వేలాడుతుండగా స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరకు తిప్పి బ్రేకు గొట్టాలు బిగుసుకుంటున్నాయేమో చూడండి.

వాగులు దాటుతానన్నారు కనుక, రెండు యాక్సిళ్ల బ్రీదర్లకూ (లోపలి గాలి వచ్చిపోయే రంధ్రాలు) గొట్టాలు తగిలించి బానెట్ కిందికి తెచ్చుకోండి. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లు పీల్చుకుంటుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే కారణం అదే. లాకర్ (రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా డిఫరెన్షియల్‌ను బిగించేది) వేస్తే వెనక మాత్రమే. స్టీరింగ్ తిప్పి ఉండగా ముందు లాకర్ పట్టిందంటే పైన చెప్పిన టక్కు శబ్దం మరీ త్వరగా వింటారు. రోజూ రోడ్డు మీద నడిపే బండికి లాకర్‌కు బదులు డిఫరెన్షియల్ వెల్డింగ్ వద్దు.

ఎల్ఈడీ బార్ జోలికి పోవద్దు, ఇనుప బంపర్ అసలే వద్దు. బుల్ బార్ల మీద కేంద్రం 2017 డిసెంబరులోనే చర్య తీసుకోమంది, పైగా ఆ బరువంతా ముందు కమాన్ల మీదే పడుతుంది. మార్పులన్నిటికీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి.

గేర్లు వేసిన 500 కిలోమీటర్లకు ట్రాన్స్‌ఫర్ ఆయిల్ దించి చూడండి. వేలి మీద మెత్తటి పొడిలా ఉంటే పర్లేదు, కొత్త ఆయిల్ పోయండి. గోటికి తగిలే ముక్క కనిపిస్తే మాత్రం మళ్లీ విప్పాల్సిందే.