ఫెర్రోస్టాటిన్-1 వేసినా ట్రోఫోబ్లాస్ట్ కణాలు చనిపోతుంటే

ప్రీఎక్లాంప్సియాను (గర్భిణుల్లో బీపీ పెరిగే జబ్బు) ల్యాబ్‌లో అనుకరించడానికి ట్రోఫోబ్లాస్ట్ (మాయ) కణాలను 1% ఆక్సిజన్‌లో 24 గంటలు ఉంచారు, ఫెర్రోప్టోసిస్ అనే కణమరణాన్ని ఆపే ఫెర్రోస్టాటిన్-1 వేసినా అవి చస్తున్నాయన్నారు. చిక్కు ఆక్సిజన్ చాలకపోవడం కావచ్చు. ఫెర్రోప్టోసిస్‌లో ఇనుము సాయంతో కణపొరలోని కొవ్వు ఆక్సీకరణ చెందాలి, దానికి ఆక్సిజన్ కావాలి. ప్రీఎక్లాంప్సియా మాయలో రక్తప్రవాహం తగ్గుతూ, మళ్లీ వస్తూ ఉంటుంది. మీ ప్లేట్‌లో ఆ తిరిగి రావడమే లేదు.

1. హైపాక్సియా (తక్కువ ఆక్సిజన్ దశ) తర్వాత ప్లేట్‌ను మామూలు ఇంక్యుబేటర్‌కి మార్చి 6–24 గంటలు ఉంచండి.

2. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ప్లేట్ మార్చేటప్పుడు మీడియం (కణాలు పెరిగే ద్రవం) కూడా మారుస్తారు, దాంతో మందు పోతుంది. కొత్త మీడియంలోనూ వేయాలి. 10 మిల్లీమోలార్ స్టాక్ 1 మైక్రోలీటర్‌ను 5 మి.లీ.లో కలిపితే 2 మైక్రోమోలార్.

3. ప్లేట్‌లోని పక్క గుంటలో (వెల్) ఫెర్రోప్టోసిస్‌ను కలిగించే ఆర్‌ఎస్‌ఎల్3 1 మైక్రోమోలార్ పెట్టండి. దాంతో కణాలు చచ్చి, ఫెర్రోస్టాటిన్ వాటినీ కాపాడకపోతే స్టాక్ పాడై ఉండొచ్చు.

4. ఇనుమును పట్టేసే డెఫెరాక్సమిన్ ఒక్కదాన్నే నమ్మొద్దు. అది హైపాక్సియా ప్రోటీన్ హిఫ్-1ఆల్ఫాను కూడా పెంచుతుంది.

5. కాస్పేజ్ ఎంజైమ్‌లను ఆపే జెడ్-వ్యాడ్ 20 మైక్రోమోలార్‌తో కణాలు బతికితే అది అపోప్టోసిస్ (మరో రకం కణమరణం) కావచ్చు. ఎండీఏ (కొవ్వు ఆక్సీకరణలో వచ్చే పదార్థం) పెరిగినంత మాత్రాన ఫెర్రోప్టోసిస్ అని రాయకండి.