అంత ఇష్టమైతే ఎందుకు వదిలేశాడు?

ప్రశ్న: మా పాపకి ఏడేళ్లు. రెక్క దెబ్బతిన్న పిట్టని ఓ పిల్లాడు ఇంటికి తెచ్చి, సాకి, బాగయ్యాక ఎగరేసే కథ చదివి వినిపించాను. అయిపోగానే "అంత ఇష్టమైతే ఎందుకు వదిలేశాడు?" అని ఒకటే ఏడుపు. ఊరుకోబెట్టడానికి "రోజూ సాయంత్రం వచ్చి కనిపించి వెళ్తుందిలే" అనేశాను. అప్పట్నుంచి స్కూల్ దగ్గర దించేటప్పుడు "నువ్వు నన్ను వదిలేయవు కదా?" అని అడుగుతోంది. ఇలాంటి కథలు పిల్లలకి చెప్పకూడదా?

జవాబు: నిక్షేపంగా చెప్పొచ్చండీ. అయితే స్కూల్ గేటు దగ్గర పాప అడిగినదాన్ని కాస్త పట్టించుకోండి, అసలు సంగతి అక్కడే ఉంది. ఈ కథ వింటున్నప్పుడు పెద్దవాళ్లం మనం పిల్లాడి పక్షాన ఉంటాం, ఎంత మంచి మనసు, ఎంత త్యాగం అనుకుంటాం. పిల్లలు చాలాసార్లు పిట్ట పక్షాన ఉండి వింటారు. ఒకళ్లు పెడితే తినేది, ఒకళ్లు ఎత్తుకుంటే వెళ్లేది వాళ్లే కదా మరి! అందుకే మనకి త్యాగంగా కనిపించిన చోట వాళ్లకి "ఇష్టమున్నవాళ్లు కూడా ఏదో ఒక రోజు పంపించేస్తారు" అన్నది వినిపిస్తుంది. మీ పాపకి కథ అర్థం కాలేదని అనుకోకండి. బాగానే అర్థమైంది, కాకపోతే కథలో ఉండాల్సిన ఒక ముక్క ఆమెకి అందలేదు.

ఆ ముక్క ఏమిటంటే, వెళ్లాలన్న కోరిక ముందు పిట్టకి పుట్టాలి. చాలా కథల్లో "రెక్క బాగైంది, పిల్లాడు కిటికీ తీశాడు, పిట్ట ఎగిరిపోయింది" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు, సాకడానికి మాత్రం పది పేజీలు. ఈసారి చెప్పేటప్పుడు అక్కడ ఆగండి. పిట్ట గిన్నెలో గింజలు వదిలేసి కిటికీ అంచు మీద కూర్చోవడం, బయట వేరే పిట్ట కూస్తే తల అటు తిప్పడం, ఎగరబోయి అద్దానికి కొట్టుకోవడం, అది చూసి కూడా పిల్లాడు రెండు రోజులు చూడనట్టు నటించడం, ఇవన్నీ చెప్పండి. అప్పుడు కిటికీ తెరవడం పిట్టని గెంటేసినట్టు ఉండదు, దాని మాట విన్నట్టు ఉంటుంది. పాపనే "ఇప్పుడు దానికేం కావాలి?" అని అడిగి చూడండి, మీకంటే ముందు తనే కిటికీ తెరవమంటుంది.

దీనికి పక్కన చెప్పుకోడానికి నాకు బాగా నచ్చే పాత కథ ఒకటుంది, జాతక కథల్లో మహోసధ పండితుడిది. ఒక బిడ్డ కోసం ఇద్దరు ఆడవాళ్లు నాదంటే నాదని గొడవపడతారు, అందులో ఒకతె మారువేషంలో ఉన్న యక్షిణి. మహోసధుడు నేల మీద గీత గీసి, బిడ్డని దాని మీద పడుకోబెట్టి, ఒకరు చేతులు ఒకరు కాళ్లు పట్టుకుని లాగమంటాడు, ఎవరు లాక్కుంటే వాళ్లదే బిడ్డ. లాగేసరికి బిడ్డ నొప్పితో ఏడుస్తాడు, తల్లి వదిలేస్తుంది. వదిలేసి ఏడుస్తూ అక్కడే నిలబడుతుంది. వదలగలిగింది కాబట్టే ఆమె తల్లి అని తేలుతుంది. మీ పాపకి ఇందులో నొక్కి చెప్పాల్సింది ఆ నిలబడటం. పట్టు వదిలింది కానీ అక్కడి నుంచి కదల్లేదు.

ఇక గేటు దగ్గరి ప్రశ్నకి కథతో జవాబు చెప్పకండి, తిన్నగా చెప్పండి. "నువ్వు పిట్టవి కాదు. సాయంత్రం బెల్ కొట్టేసరికి నేను ఇక్కడే ఉంటా" అనండి, అన్నట్టే ఉండండి. ఆ "రోజూ వస్తుంది" మాట కూడా సరిచేసేయండి: అది నేను అన్నమాట, కథలో లేదు, వస్తుందో రాదో పిట్ట ఇష్టం అని. పిల్లలు ఇలాంటివి మనం టెన్షన్ పడినంతగా పట్టుకుని కూర్చోరు.

ప్రశ్న: నేనూ ఇలాంటి కథే రాశాను. చివర్లో పిట్ట తన పిల్లలతో సహా తిరిగొస్తుంది. మా ఫ్రెండ్ చదివి "మరీ తియ్యగా ఉంది" అన్నాడు. మార్చాలా?

జవాబు: మీ ఫ్రెండ్ మర్యాదగా చెప్పాడు. తిరిగి రావడం తప్పేం కాదు. వదిలితే తిరిగొస్తుందని పిల్లాడికి ముందే తెలిసినట్టు రాస్తేనే చిక్కు, అప్పుడది ప్రేమ కాదు, ఎర. పైన చెప్పిన తల్లికి బిడ్డ దక్కాడు, నిజమే, కానీ వదిలిన క్షణంలో ఆమెకి ఆ సంగతి తెలీదు. 1756లో మదామ్ లెప్రాన్స్ ద బోమోన్ రాసిన 'బ్యూటీ అండ్ ది బీస్ట్'లో మృగం తన కోటలో ఉంచుకున్న అమ్మాయిని తండ్రి దగ్గరికి పంపడానికి ఒప్పుకుంటూనే, నువ్వు అక్కడే ఉండిపోతే నేను దిగులుతో చచ్చిపోతానంటుంది. పాపం, వారంలో వస్తానని ఆమె మాటివ్వాల్సి వస్తుంది. అది వదలడమా, తాడు పొడుగు చేయడమా?

తిరిగి రావడం ఎలా రాయాలో చూడాలంటే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ నైటింగేల్ కథ (1843) చదవండి. చక్రవర్తి ఆ పిట్టకి రోజుకి పగలు రెండుసార్లు, రాత్రి ఒకసారి షికారు అనుమతిస్తాడు, వెంట పన్నెండు మంది సేవకులు, దాని కాలికి కట్టిన పట్టు రిబ్బన్లు పట్టుకుని. కీ ఇస్తే పాడే బొమ్మ పిట్ట వచ్చాక అది అడవికి వెళ్లిపోతుంది. రాజు చావు మంచాన ఉన్నప్పుడు తనంతట తనే వచ్చి పాడుతుంది, కానీ కోటలో ఉండనంటుంది. నాకు రావాలనిపించినప్పుడు వస్తా, కిటికీ దగ్గర కొమ్మ మీద కూర్చుని పాడతా అంటుంది. షరతు పిట్టది! మీ పిట్టని కూడా కావాలంటే రానివ్వండి, కానీ దాని పని మీద రానివ్వండి, పిల్లాడికి బహుమతిలా వద్దు. పిల్లాడు మర్నాడు కోపంగా ఉన్నా, కిటికీ ఎందుకు తీశానా అని ఏడ్చినా కొట్టేయకండి. ఇంకొక్క మాట, ఆఖరి పేజీలో తాతగారిని రప్పించి నీతి చెప్పించకండి, ప్లీజ్.

ప్రశ్న: కథ విన్నాక మా అబ్బాయి ఇంట్లో ఉన్న లవ్‌బర్డ్స్‌ని వదిలేద్దామంటున్నాడు. వదిలేయమంటారా?

జవాబు: వద్దు. పంజరంలో పుట్టి పెరిగిన పిట్టలకి తిండి వెతుక్కోవడం, డేగ కనిపిస్తే దాక్కోవడం అలవాటు ఉండదు. అవి బయట ఎక్కువ కాలం బతకడం కష్టం. కథలో పిట్ట బయట పుట్టింది, తాత్కాలికంగా ఇంట్లో ఉంది, ఆ తేడా అబ్బాయికి ఉన్నదున్నట్టు చెప్పండి, అర్థం చేసుకుంటాడు. ఏదో ఒకటి చేయాలని అంతగా ఉంటే పంజరం పెద్దది చేయమనండి. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, గదిలో కాసేపు ఎగరనివ్వొచ్చు.

రేపు కథలో పిల్లాడిలా ఏ పిట్టపిల్లనో ఇంటికి తెస్తాడేమో కూడా చూసుకోండి. ఒంటినిండా ఈకలు వచ్చి, నేల మీద గెంతుతున్న పిల్ల చాలామటుకు తప్పిపోయినది కాదు, ఎగరడం నేర్చుకుంటున్నది, తల్లీతండ్రీ దగ్గర్లోనే ఉండి తిండి పెడుతుంటాయి. దెబ్బ తగలకపోతే అక్కడే ఉండనివ్వండి. పిల్లి ఉంటే మాత్రం ఆ పిల్లినే కాసేపు ఇంట్లో పెట్టి తలుపేయండి.