అడిగే ముందు చూడు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

హెల్మెట్ల సర్వే కోసం నువ్వు పంపిన ప్రశ్నల కాగితం చదివాను. నలభై రెండు ప్రశ్నలు! ఎండలో బండి ఆపి అన్నిటికీ జవాబు చెప్పేవాడు నెల్లూరులో దొరికితే నాకూ చూపించు.

‘హెల్మెట్ ఎందుకు పెట్టుకోరు’ అన్నది తర్వాత. ఎవరు, ఎక్కడ, ఏ వేళప్పుడు పెట్టుకుంటున్నారో ముందు చూడు. అడిగినవాళ్లకు నచ్చే జవాబే ఎవరి నోటికైనా ముందొస్తుంది. కనిగిరి వైపు ఒక పల్లెలో తాగునీళ్ల గురించి అడుగుతూ తిరిగాను ఒకప్పుడు. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి నీకు తెలిసిందే. ఒకావిడ ‘మేం క్యాను నీళ్లే తాగుతాం సార్’ అంటూనే లేచి, బోరు నీళ్ల బిందెలో చెంబు ముంచుకుని తాగొచ్చి కూర్చుంది. అప్పటికే ‘క్యాను’ గడిలో టిక్కు పెట్టేశాను. అంతకు ముందు ఇళ్లలో పెట్టిన టిక్కుల మాటేమిటని ఆ రాత్రంతా నిద్ర లేదు.

‘పెట్టుకోవడం’ అంటే ఏంటో ముందే రాసుకో. తలమీద ఉండి పట్టీ పెట్టుకోనిది ఏ లెక్క? చేతికి తగిలించుకున్నది? వీఆర్సీ సెంటర్లో నిలబడ్డాక తేల్చుకుందామంటే ఒక్కో గంటకు ఒక్కో లెక్క వస్తుంది. పోలీసులున్న చోట నిలబడకు, అక్కడ చూసేది బండివాళ్ల భయాన్ని. నువ్వూ అట్ట పట్టుకుని రోడ్డు మధ్యకు రాకు.

ఇద్దరు కలిసి లెక్కపెట్టండి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా. వందకు ఎనభై రెండు కలిశాయని సంబరపడొద్దు. నూటికి తొంభై మంది పెట్టుకోని చోట, ఇద్దరూ రోడ్డు వంక చూడకుండా తొంభై ‘లేదు’, పది ‘ఉంది’ లెక్కన ఇష్టమొచ్చినట్టు గీసినా సుమారుగా అన్నే కలుస్తాయి: ‘లేదు’లో ఎనభై ఒకటి, ‘ఉంది’లో ఒకటి. అలా ఊరికే కలిసే వాటాను తీసేసి చూడటానికే 1960లో కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘కప్పా’ అనే కొలత పెట్టాడు. మీ సార్‌ని అడుగు, చెబుతారు.

ఫలితం ఎలా వస్తే నీ ఊహ తప్పయినట్టో లెక్క మొదలెట్టక ముందే రాసి, తేదీ వేసి, మీ సార్ చేతికివ్వు. ఇది బద్ధకించకు. నేను బద్ధకించి, వచ్చిన అంకెలకు తగ్గట్టు కథ అల్లుకున్న రోజులున్నాయి.

గడుల కాగితం అప్పుడే జిరాక్సు తీయించకు. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక సాయంత్రం పెన్సిల్‌తో గీసుకున్నదాంతో లెక్కపెట్టి, ఆదివారం ఇంటికి తీసుకురా. సగం గడులు కొట్టేసి ఉంటాయి.

పెదనాన్న