కాలిపర్ విప్పే ముందు, మేనల్లుడికి

చిరంజీవికి,

ఏటీవీ (బురదదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) ముందు చక్రం లోపలివైపు తడి కనిపిస్తోందని, బ్రేక్ లివర్ నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తోందని రాశావు. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగుల సీల్ కిట్ కూడా తెప్పించావట, మంచిదే. బాగుచేసేదాకా మాత్రం బండి తీయకు. హ్యాండిల్ మీది డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోసుకుంటూ నెట్టుకొద్దాం అనుకోవద్దు. ఆ కారే ఆయిల్ ప్యాడ్ల మీదికి చేరిందంటే ఎంత నొక్కినా అవి డిస్క్ మీద జారిపోతాయి.

అసలు లీకు ఎక్కడుందో ముందు తేల్చుకో. కాలిపర్‌ని, అంటే ప్యాడ్లని డిస్క్ మీద నొక్కే ఆ దిమ్మని, శుభ్రంగా తుడిచి, ఆరాక, ఎవరినైనా లివర్ గట్టిగా పట్టుకోమని టార్చ్ వేసి చూడు. పైపు కలిసేచోట బాంజో బోల్ట్ దగ్గర చెమ్మ వస్తే వాషర్లు మారిస్తే సరిపోవచ్చు. ఆ వాషర్లు ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా కూర్చోవు, ప్రతిసారీ కొత్తవే వెయ్యాలి. లోపలి గాలి తీసే బ్లీడ్ నిపుల్ దగ్గరా ఒకసారి చూడు. ప్యాడ్లని నెట్టే పిస్టన్ చుట్టూ, దుమ్ము ఆపే డస్ట్ సీల్ కింద నుంచి వస్తోందంటే అప్పుడు విప్పక తప్పదు.

పిస్టన్ బయటికి తీయడానికి పైపు ఇంకా బిగించి ఉండగానే ప్యాడ్లు తీసేసి, లివర్ మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉండు. ఆయిల్ ఒత్తిడే దాన్ని నెట్టుకొస్తుంది. ఎదురుగా చిన్న చెక్కముక్క పెట్టు. కంప్రెసర్ గాలి మాత్రం వద్దు బాబూ. ఆ గాలికి పిస్టన్ తూటాలా వస్తుంది, వేళ్లు నలిగిపోతాయి. పిస్టన్ వచ్చాక కాలిపర్‌ని పైపుకి వేలాడదీయకు, తీగతో దేనికైనా కట్టు.

ఇప్పుడు అసలు సంగతి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు పాత సీల్ పీకి కొత్తది వేసి బిగించేశాను. నెల తిరగకుండా మళ్లీ తడి. ఇంకో కిట్ వేశాను, మళ్లీ అదే. మూడోసారి సీల్ కూర్చునే గాడిలో గోరు పెట్టి చూస్తే అడుగున గట్టిగా తెల్లటి పొర తగిలింది. బురదనీళ్లు డస్ట్ సీల్ వెనక్కి చేరి అల్యూమినియాన్ని తినేయడం వల్ల పట్టిన పొర అది. దాని మీద సీల్ ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా కూర్చుంటోంది. ఎన్ని సీళ్లు మార్చి ఏం లాభం? అందుకే ఆదివారం ఈ పనికి కూర్చున్నప్పుడు నీ సమయంలో సగం ఆ గాడికే ఇవ్వు. స్క్రూడ్రైవర్‌తో గీకకు, గీతపడితే అదే కొత్త లీకు. మొన తీసిన చెక్కపుల్లతోనో, ప్లాస్టిక్ ముక్కతోనో ఓపికగా తియ్యి.

కడగడానికి బ్రేక్ క్లీనర్ వాడు. పెట్రోలు, కిరోసిన్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. పిస్టన్ మీద సీల్ రాసుకునేచోట గుంటలు పడి ఉంటే ఎమరీ పేపర్‌తో సరిచేద్దామని చూడకు, పిస్టనే మార్చు. ప్యాడ్లు బాగా అరిగేదాకా నడిపితే పిస్టన్ ఎక్కువ బయటికొచ్చి, బురద పట్టి తుప్పు పడుతుంది. ఆ తుప్పు మళ్లీ లోపలికి వెళ్లి సీల్‌ని గీరుతుంది. ఈసారి అంతదాకా రానివ్వకు.

ఆ సీల్ ఆయిల్‌ని ఆపడమే కాదు, ఇంకో పని కూడా చేస్తుంది. లివర్ నొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కొంచెం మెలిపడి, వదిలేయగానే తన రూపానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. అందుకే పొడిగా వెయ్యకూడదు. కొత్త బ్రేక్ ఆయిల్‌లో తడిపి వెయ్యి. పిస్టన్‌ని వేళ్లతోనే నిటారుగా తొయ్యి, ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకుండా వెనక్కి తీసి చూడు.

ఆయిల్ ఏది పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 4 రకం అని ఉంటే డాట్ 4 పొయ్యి, సిలికాన్‌తో చేసే డాట్ 5 దాంట్లో కలపకు. ఎప్పుడో మూత తీసిన పాత సీసా పక్కన పెట్టు. ఈ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. దిగుడు రోడ్డులో వరసగా బ్రేక్ వేసే బండికి అది చాలదు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్యి.

లోపల చేరిన గాలి తీసేటప్పుడు నిపుల్‌కి గొట్టం తగిలించి, రెండో కొసని ఆయిల్ ఉన్న సీసాలో ముంచు. లివర్ నొక్కి పట్టుకో, నిపుల్ తెరువు, మూసెయ్యి, ఆ తర్వాతే లివర్ వదులు. పై డబ్బా ఖాళీ కానివ్వకు. బుడగలు ఆగిపోయినా ఇంకో నాలుగైదుసార్లు కానివ్వు. నిపుల్ కాలిపర్‌కి పైభాగంలోనే ఉండాలి. కుడి, ఎడమ కాలిపర్లు తారుమారుగా బిగిస్తే గాలి ఎంతకీ రాదు.

ఆయిల్ తాగిన ప్యాడ్లని కడిగి వాడుకోవాలని చూడకు, కొత్తవి వెయ్యి. డిస్క్‌ని బ్రేక్ క్లీనర్‌తో తుడువు. బోల్ట్‌లు ఎంత బిగించాలో సర్వీస్ మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తో బిగించు.

అంతా అయ్యాక లివర్ గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకో. మెత్తగా ఉంటే ఇంకా గాలి ఉంది. గట్టిగానే ఉండి మెల్లగా కిందికి దిగుతుంటే ఎక్కడో ఇంకా కారుతోంది, లేదా లివర్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల సీల్ పోయింది. ఆ రాత్రి కాలిపర్ కింద అట్టముక్క పరిచి ఉంచు. తెల్లారి అది పొడిగా ఉంటేనే బండి తియ్యి, అదీ చదునైన ఖాళీ చోట, నడక వేగంతో. ఏం తేలిందో నాకు రాయి. గాడి ఫోటో కూడా పంపించు.

ఇట్లు,
మామయ్య