గుంపులో కుదిరే ధ్యానం ఇంట్లో కుదరకపోతే

పదిమందితో కూర్చుంటే ఇట్టే కుదిరే ధ్యానం ఇంట్లో అయిదు నిమిషాలు కూడా నిలవడం లేదన్నారు. లోపం మీలో లేదండి. పక్కవాళ్లు కదలకుండా కూర్చుంటే వచ్చే దగ్గు కూడా ఆపుకుంటాం, మన శ్వాసా తెలియకుండానే నెమ్మదిస్తుంది. కలిసి పాడేవాళ్ల గుండె వేగం ఒకే తీరుగా పెరిగి తగ్గుతుందని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. గుంపులో కూర్చుంటే కలిగే ఈ ప్రభావాన్ని ‘శక్తి’ అనాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేనైతే అనను.

ఇంట్లో రోజూ అదే వేళకి, అదే చాప మీద కూర్చోండి. ముందు రెండు నిమిషాలు, నిమిషానికి ఆరేడు శ్వాసలు మించకుండా నెమ్మదిగా వదలండి. అక్కడ గంట కూర్చున్నాను కదా అని ఇక్కడా గంట పెట్టుకోకండి, పది నిమిషాలు చాలు. టైమర్ పెట్టి ఫోన్ బోర్లా పెట్టేయండి. మాటిమాటికీ టైమ్ చూసుకోవడమే సగం టెన్షన్. అప్పటికీ కుదరకపోతే ఒక్క స్నేహితుణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.