అరిమత్సులో ముడి వేసే ముందు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: నాగోయాలో ఎం.ఎస్. చదువుతున్నాను. ఒక శనివారం అరిమత్సు వెళ్లి షిబోరి (బట్టను కట్టి లేదా మడిచి రంగు వేసే జపాన్ పద్ధతి) చేయాలని ఉంది. జపనీస్ అంతంతమాత్రం. ఒక్క పూటలో ఏం చేయగలను? చేసింది ఆ రోజే చేతికి వస్తుందా?
– ఒక విద్యార్థిని, నాగోయా

జవాబు: మీరు ఎంచుకునే పద్ధతిని బట్టి ఉంటుంది. ముడులు మీరు వేసి వస్తే, రంగు వాళ్లు వేసి తర్వాత పోస్టులో పంపేది ఒక రకం. బట్టను మడిచి, అంచులు రంగులో ముంచి, అక్కడే జాడించి ఇంటికి తెచ్చుకునేది ఇంకో రకం. దీన్ని సెక్కా షిబోరి అంటారు. ఏది చేయిస్తారో బుక్ చేసేటప్పుడే అడగండి. భాష గురించి బెంగ వద్దు, చేసి చూపిస్తారు, చూసి చేయడమే.

అరిమత్సు నాగోయా నగరంలోనే, మిదోరి వార్డులో ఉంది. కానీ సబ్‌వే అక్కడిదాకా వెళ్లదు. మెయితెత్సు అనే ప్రైవేటు కంపెనీ రైలెక్కాలి. సబ్‌వే, సిటీ బస్సుల వన్‌డే పాసు ఉంది కదా అని బయల్దేరితే ఈ టికెట్టు విడిగా కొనాల్సి వస్తుంది. 1608లో తొకైదో అనే పాత రహదారి పక్కన వెలిసిన ఊరు అది. దారిన పోయే బాటసారులకు రంగు తువ్వాళ్లు అమ్మి బతికింది. 1784లో ఊరు కాలిపోయాక ఇళ్లను పెంకు కప్పుతో, మందపాటి సున్నపు పూత గోడలతో కట్టుకున్నారు. వీధి చూడటానికి గంట చాలు. మిగతా సమయం చేతిపనికే ఉంచుకోండి.

మొదటిసారికి సెక్కా మంచిది. తెనుగుయి తువ్వాలు సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు ఉంటుంది. ముందు దాన్ని నిలువుగా విసనకర్ర మడతలా నాలుగు పొరలు చేయాలి. చాపలా చుట్టారో, లోపలి పొరలకు రంగు అందదు. తర్వాత ఒక చివర నుంచి ముందుకోసారి, వెనక్కోసారి తిప్పుతూ త్రిభుజాలుగా మడవాలి. సమబాహు త్రిభుజమైతే షట్కోణాల మంచుపూలు వస్తాయి. లంబకోణంతో మడిస్తే గళ్లు వస్తాయి. చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే. మొదటి మడతలో రెండు మిల్లీమీటర్లు తప్పితే, చివరి మడతకొచ్చేసరికి అంచులు మెట్లుమెట్లుగా అవుతాయి, పూలు ఒక పక్కకు ఒరిగిపోతాయి. తప్పిందని తెలియగానే విప్పేసి మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

మడిచిన కట్టను చెక్కల మధ్య బిగించి, నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండాలి. పొడి బట్ట రంగును గబగబా, ఎగుడుదిగుడుగా పీల్చేస్తుంది. నీళ్లు ఎక్కువ మిగిలితే గీతలు అలుక్కుపోతాయి. అంచును రంగులో కొద్ది సెకన్లే ఉంచండి. పైకి తీశాక కూడా రంగు లోపలికి పాకుతూనే ఉంటుంది కాబట్టి ‘ఇంకొంచెం’ అనిపించినప్పుడే ఆపేయాలి. అసలు ఇందులో అందమంతా మిగిలిన తెలుపుదే.

ముడుల పనికి ఓపిక కావాలి. డిజైను చుక్కలు ముందే బట్ట మీద అచ్చువేసి ఇస్తారు. పాతకాలం నుంచీ వీటికి ఆఓబనా అనే పువ్వు రసం వాడుతున్నారు, నీళ్లు తగిలితే పోతుంది. మియురా పద్ధతిలో బట్టను కొక్కెం సూదికి తగిలించి దారం చుడతారు, ముడే ఉండదు. బిగువు మీదే నిలుస్తుంది. మధ్యలో దారం వదిలి ఫోను అందుకుంటే ఆ వరస వదులైపోతుంది. కుమో పద్ధతిలో మడతలు సన్నగా, సమానంగా పట్టుకుని దారం దగ్గరదగ్గరగా చుట్టుకుంటూ పోతే సాలెగూడు తేలుతుంది. కట్టు వదులైన చోట రంగు దూరి మచ్చ పడుతుంది. మన పోచంపల్లిలో సైకిల్ ట్యూబు పీలికలతో నూలును కట్టి రంగద్ది, ఆ తర్వాత నేస్తారు. అరిమత్సులో నేసిన బట్టనే కడతారు. కట్టు బిగువు విషయంలో మాత్రం రెండు చోట్లా ఒకటే సూత్రం.

ముడులతో బట్ట చేతికొస్తే, బాగా ఆరాక రెండు వైపులా పట్టి లాగుతూ విప్పండి. కత్తెర పెట్టారో, దారంతోపాటు బట్టా తెగుతుంది.

ముదురు రంగు బట్టలు వేసుకోండి. చెప్పులు విప్పాల్సి రావచ్చు, సాక్స్ చిరుగులు లేనివి చూసుకోండి. పది నిమిషాలు ముందే చేరండి. వెళ్లలేకపోతే కబురు చేయకుండా మానేయకండి, మీ కోసం బట్ట, రంగు సిద్ధం చేసి ఉంచుతారు.

ప్రశ్న: మా అబ్బాయి జపాన్‌లోని తొకుషిమా నుంచి నీలిమందు అద్దిన స్కార్ఫ్ పంపాడు. ఉతికితే నీళ్లు నీలంగా అయ్యాయి. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: నిలవదు. నీలిమందు నీళ్లలో కరగదు. తొట్టిలో క్షారంలో పులియబెట్టాకే కరిగే రూపంలోకి మారి దారంలోకి ఎక్కుతుంది. బట్ట పైకి తీసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలాక నీలమవుతుంది. ఆపాటికి అది మళ్లీ కరగని పదార్థమే. మీరు చూసింది దారం పైపైన అంటుకున్న పొడి. ఉప్పు గానీ వెనిగర్ గానీ దాన్ని పట్టి ఉంచలేవు. మొదటి కొన్ని సార్లు విడిగా, చల్లటి నీళ్లలో, ఘాటులేని లిక్విడ్ సబ్బుతో జాడించి నీడన ఆరేయండి. బ్లీచ్ దగ్గరికి రానివ్వకండి. తెల్లటి చోట్ల పసుపు ఛాయ కనిపిస్తే అది తొట్టిలోని బూడిదనీటి మరక, గోరువెచ్చని నీళ్లలో నానబెడితే తగ్గుతుంది. తడి స్కార్ఫ్‌ను తెల్ల చొక్కా మీద మాత్రం వేసుకోనివ్వకండి.

ప్రశ్న: ఫిబ్రవరి మధ్యలో ఇండియాకి తిరిగొస్తున్నాను. జనవరి చివర, కుండల పనికి పేరున్న సెతో ఊళ్లో మట్టి కప్పు చేస్తే వెంట తెచ్చుకోవచ్చా?
– ఒక విద్యార్థి, నాగోయా

జవాబు: కష్టం. మట్టి నెమ్మదిగా ఆరాలి. తర్వాత ఒకసారి కాల్చి, గ్లేజు (గాజులా మెరిసే పూత) పూసి, మళ్లీ 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. నెల నుంచి రెండు నెలలు పడుతుంది. తడి ఉండగా తొందరపడి కాలిస్తే లోపలి నీరు ఆవిరై కప్పు పగులుతుంది. తయారైన పింగాణీ మీద బొమ్మ వేసినా మళ్లీ కొలిమికి వెళ్లాల్సిందే. డిసెంబరు మొదట్లోనే చేసేయండి. మట్టి పదిహేను శాతం దాకా కుంచించుకుపోవచ్చు, అందుకే కావలసినదానికంటే పెద్దదిగా చేయండి. పది సెంటీమీటర్ల కప్పు చివరికి ఎనిమిదిన్నర కావచ్చు. ఆలస్యమైతే పార్సిల్‌కు జపాన్‌లోనే ఉండే స్నేహితుడి చిరునామా ఇవ్వండి, విదేశాలకు పంపని వర్క్‌షాపులు చాలానే ఉన్నాయి.